ఎవరు గెలిచిందీ చెప్పొద్దు

ఎమ్మిగనూరు,
11-11-2024, కార్తీక సోమవారం.

నాయనా మంజునాథా,

పెద్దమ్మ హులిగమ్మ దీవెనలు. జాబులో మొదట ఇక్కడ అందరం క్షేమం అని రాయాలని అయిదో తరగతిలో మా అయ్యవారు నేర్పించినాడు. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నువ్వు షోలాపూర్‌లో బాగున్నావని మీ అమ్మ చెప్పింది. అది చాలు.

ముప్పై ఏళ్ళ తరువాత కలం పట్టినాను. తప్పులుంటే నువ్వే సర్దుకొని చదువుకో. ఫోను చెయ్యమని చెప్పమ్మా పెద్దమ్మకు అని నువ్వు మీ అమ్మ జయమ్మతో ఎన్నిసార్లు చెప్పించినావో నాకు తెలుసు. నేను ఫోను ముట్టి ఏడు నెలలయింది. మీ పెద్దనాయన ఫోను మోగినా నేను లోపలింట్లోకి పోతాను. ఎందుకో మీ అమ్మకు చెప్పలేదు. మీ పెద్దనాయనకు సగమే చెప్పినాను. నీకు చెప్తాను, ఎందుకంటే మా ఈరేష్ కుస్తీ పిచ్చి మొత్తం తెలిసినవాడివి నువ్వొక్కడివే.

ఏడాదికొకసారి పైదేశంలో జరిగే ఆ పెద్ద పోటీ మనకు టీవీలో సోమవారం తెల్లారుజామున వస్తుంది కదా. ఈరేష్‌కేమో ఆరు గంటలకల్లా ఆదోని జిన్నింగు మిల్లులో ఉండాలి. సాయంత్రం ఏడు గంటలకు టీవీలో మళ్ళీ వేస్తారు. ఆ మధ్యలో ఎవరు గెలిచినారో వాని చెవిన పడకూడదు. అందుకని పొద్దున్నే ఫోను ఆపేసి నా చేతికిచ్చేవాడు. "అమా, నేనొచ్చి కాళ్ళు పట్టుకున్యా ఏడు దాకా ఇయ్యొద్దు" అనేవాడు. నేను దాన్ని బియ్యం డబ్బాలో మోచేతి లోతుకు తోసి, మూత పెట్టి, మూత మీద రోకలి పెట్టేదాన్ని. "ముందే రాసి పెట్టుకొని ఆడే ఆట కదరా, ఎవుడు గెలిస్తే ఏమి?" అంటే, "రాసినోనికి తెలుసుమా, నాకు తెలీదు గదా" అని నవ్వేవాడు.

ఆ దినం గూడా అంతే చేసినాను నాయనా. ఏప్రిల్ ఎనిమిది, అమావాస్య, ఉగాది ముందు దినం. వాని జుంపాలాయన, అదే వాడు పడిచచ్చే ఆ పొడుగు జుట్టు కుస్తీ ఆయన, ఆ దినం ఓడిపోతే ఇంక ఆట మానేస్తాడంట. వారం నుంచి అదే మాట. ముందేడు బస్సులో ఎవరో పిల్లలు ఫలితం వాగేసినారని, ఈసారి బస్సు వద్దని బండి మీద పోయినాడు.

సాయంత్రం అయిదున్నరకు లారీ తగిలింది. ఇంటికి ఇంక ఎనిమిది కిలోమీటర్లే. గొర్రెలు మేపుకునేవాళ్ళు ఇద్దరు ఆటోలో వేసి ఆదోని ఆస్పత్రికి చేర్చినారు. వాళ్ళకు మంచి జరగాలి. ఆస్పత్రిలో జేబులు వెతికితే దువ్వెన, తాళం చెవి. ఫోను లేదు. బండేమో గూడూరాయన దగ్గర కొన్నది, కాగితాలు ఆయన పేరు మీదే ఉన్నాయి. పోలీసులు గూడూరుకు ఫోను చేసినారు. మీవాడికి దెబ్బ తగిలింది అంటే, మావాడు నా పక్కనే కూర్చొని భోంచేస్తున్నాడు అన్నాడంట ఆయన. మనవాడు రాత్రి తొమ్మిది దాకా ప్రాణంతో ఉన్నాడు. పేరు లేకుండా పోయినాడు. అంతసేపూ వాని ఫోను ఇక్కడ బియ్యంలో ఉండింది. అందులో 'అమ్మ' అని పేరు పెట్టి నా నెంబరు ఉండింది. నేను దాని మీద రోకలి పెట్టి కాపలా కూర్చున్నాను.

ఇదీ నేను చెప్పాలనుకున్నది.

ఆ ఫోను ఇంకా ఆ డబ్బాలోనే ఉంది. నేను తియ్యలేదు. ఆ బియ్యం వండలేదు. మీ పెద్దనాయన "పురుగు పట్టిందే, పారబోద్దామే" అంటాడు. పట్టనీ అంటాను.

ఆస్పత్రి మీద నాకు కోపమేమీ లేదు. ఒకటే బాధ, వాని చెవుల్లో పెట్టిన దూది గూడా మంచిది పెట్టలేదు. ఒకదాంట్లో గింజ గూడా ఉండింది. పత్తి మిల్లులో పని చేసిన పిల్లోనికి మంచి దూది దొరకలేదు చూడు.

ఇప్పుడు నిన్ను అడిగేది ఒకటి. వచ్చే మార్చిలో అమావాస్యకు ఏడాది అవుతుంది. నువ్వు రావాలి. ఆ పోటీని ఎట్లనన్నా తెచ్చి వాని పటం ముందర వెయ్యాలి. వాడు చూడకుండా పోయినాడు కదా. నాకు గూడా ఎవరు గెలిచినారో తెలియదు. ఎవరన్నా కుస్తీ మాట ఎత్తితే చెవులు మూసుకుంటాను. నీకు తెలిసి ఉంటే చెప్పొద్దు.

ఇట్లు
నీ పెద్దమ్మ
హులిగమ్మ

*

షోలాపూర్,
1-12-2024.

పెద్దమ్మకు మంజు పాదాభివందనాలు.

నీ జాబు మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ ఇచ్చినాడు. జాబు వచ్చిందంటే కోర్టు కాగితమేమో అని మా రూములో వాళ్ళు గుమిగూడినారు. పెద్దమ్మ రాసింది అంటే నమ్మలేదు. ఈ కాలంలో జాబులేంటి అని నవ్వినారు. నేను టవళ్ళ మూటల వెనక కూర్చొని చదువుకున్నాను. మూడుసార్లు చదివినాను.

పెద్దమ్మా, ఫోను నీ తప్పు కాదు. వాడు ఇస్తే నువ్వు దాచినావు. ప్రతి ఏడాదీ దాచినావు. ఆ మాట నీకు ఎవరూ చెప్పకపోతే నేను చెప్తున్నాను.

ఎవరు గెలిచినారో నాకూ తెలియదు. ఒట్టు. మేమిద్దరం ఎట్ల చూసేవాళ్ళమో నీకు గుర్తుంది కదా. వాడు ఇంటికొచ్చి, బియ్యంలోంచి ఫోను తీసి, నాకు చేసి పక్కన పెట్టుకుంటాడు. అక్కడ నువ్వు, వాడు. ఇక్కడ నేను. ఒకేసారి చూస్తూ అరుచుకుంటాం. ఆ దినం నేను ఏడింటికి టీవీ ముందర కూర్చున్నాను. ఫోను రాలేదు. వాడు లేకుండా చూడకూడదని రిమోటు ముట్టలేదు. తొమ్మిదయింది. నన్ను వదిలి చూసేసినాడని కోపం వచ్చి ఏదేదో మెసేజీ పెట్టినాను. దొంగనాకొడకా అని గూడా పెట్టినాను. ఆ ఫోను తెరిస్తే అదే మొదట కనబడుతుంది. తెరవొద్దు పెద్దమ్మా.

అప్పటినుంచి నేనూ తప్పించుకునే తిరుగుతున్నాను. మొన్నామధ్య సెలూన్‌లో టీవీలో ఆ పోటీ ముచ్చట మొదలయింది. ఒక పక్క గడ్డం గీసింది గీసినట్టే లేచి వచ్చేసినాను. మంగలాయన కత్తి పట్టుకొని వీధి దాకా పిలుచుకుంటూ వచ్చినాడు. పిచ్చోడనుకున్నారు. రెండు దినాలు సగం గడ్డంతోనే మగ్గం మీద నిలబడినాను. ఇక్కడ ముసలోళ్ళంతా వాళ్ళ తాతలు తెచ్చిన తెలుగు మాట్లాడతారు, వింటే మనకే కొత్తగా ఉంటుంది. ఒక తాత నన్ను చూసి "ఏమి నాయనా, సగము ముఖము అప్పు పెట్టినావా?" అన్నాడు. నవ్వొచ్చింది. ఈరేష్‌కు చెప్పాలనుకున్నాను. తరువాత గుర్తొచ్చింది.

వస్తాను పెద్దమ్మా. మార్చిలో సెలవు పెడతాను.

ఇంకొకటి. ఆ దూది సంగతి రాసినావు కదా. అది ఆస్పత్రి వాళ్ళు పెట్టిందేనా? నువ్వు చూసినావా, వాళ్ళు పెట్టేటప్పుడు? ఊరికే అడిగినాను. తప్పకుండా రాయి.

మీ
మంజునాథ్

*

ఎమ్మిగనూరు,
20-12-2024.

నాయనా మంజూ,

నీ జాబు అందింది. సగం గడ్డం మాట మీ పెద్దనాయనకు చదివి వినిపించినాను. ఎనిమిది నెలల తరువాత ఆయన పళ్ళు చూసినాను. మార్కెట్ యార్డులో మూటలు మోసి మోసి ఆయన మెడ వంగిపోయింది. ఇంటికొస్తే మాట్లాడడు. నేను కండెలు చుట్టుకుంటూ కూర్చుంటాను. రాట్నం చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు.

దూది గురించి అంత గట్టిగా ఎందుకు అడిగినావో నాకు అర్థమయింది. ఆస్పత్రి మీద అర్జీ పెట్టాలని కదా నీ ఆలోచన? వద్దు నాయనా. దూది బాగలేదని అర్జీ పెడితే నవ్వుతారు. వాళ్ళు చేసేది చేసినారు. నన్ను చూసి ఒక ఆయమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. పేదోళ్ళ మీదికి పోవద్దు.

వాళ్ళు పెట్టేటప్పుడు నేను చూడలేదు. నేను పోయేటప్పటికే ఉండింది. ముక్కులో పెట్టింది మట్టుకు తెల్లగా, చుట్టలోంచి తీసినట్టు ఉండింది. చెవుల్లోదే గింజ దూది. స్నానం పోసేటప్పుడు నేనే తీసినాను. పారేయబుద్ధి కాలేదు. చీర కొంగున ముడేసుకొని, తరువాత పాత రుమాలులో కట్టి దాచినాను. పిచ్చిదాన్ని కదా.

అడిగినావు కాబట్టి ఆ రాత్రి సంగతి గూడా రాస్తాను. ఏడింటికి మిరపకాయ బజ్జీలు వేసి పెట్టినాను. టీవీ పెట్టినాను. జుంపాలాయన బొమ్మ పడగానే ఆపేసినాను. ఎందుకంటే నేను చూసినానంటే వాడు నా మొహం చూసి కనుక్కుంటాడు. ఒక ఏడాది అట్లే అయింది, నీకు తెలుసు. నేను ఏమీ అనలేదు, గుమ్మంలో చెంబు ఇచ్చినాను అంతే. "ఓడిపోయినాడు కదమా? నీ మొహం సెప్తాంది" అని చెప్పులు గూడా విప్పకుండా మెట్టు మీద కూలబడినాడు. అప్పటినుంచి నేను గూడా చూడకూడదని రూలు పెట్టినాడు. అందుకని ఆ దినం టీవీ ఆపి, గోడకు ఆనుకొని కూర్చున్నాను. బజ్జీలు చల్లారిపోయినాయి. మిల్లులో ఇంకో షిఫ్టు చెయ్యమన్నారేమో అనుకున్నాను. ఫోను చేద్దామంటే వాని ఫోను నా దగ్గరే ఉండె. అట్లే కూర్చోని తెల్లవార్చినాను. ఉగాది పొద్దున పోలీసాయన వాని టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చినాడు. తెల్లారినాక రోడ్డు పక్క చేనులో దొరికిందంట. మూత మీద మీ పెద్దనాయన పేరు, ఊరు మేకుతో గీసి ఉండె. మార్కెట్‌లో మారిపోకుండా ఆయనే గీసుకున్నాడు. దాన్ని పట్టుకొని ఇల్లు కనుక్కున్నారు.

నేను గడప కడుగుతున్నాను అప్పుడు. మామిడాకులు కట్టబోతున్నాను.

చాలు. ఇంక రాయలేను. నువ్వు తప్పకుండా రా.

నీ పెద్దమ్మ
హులిగమ్మ

*

ఎమ్మిగనూరు,
3-2-2025.

మంజునాథుకు,

నేను జాబు రాసి నెలన్నర అయింది. నీ నుంచి ఒక్క ముక్క లేదు. నిన్న మీ అమ్మ వచ్చింది. "వానికి సెలవు దొరకదేమో అక్కా" అంటుంది. నా మొహం చూడకుండా చెప్తుంది. నువ్వే చెప్పమన్నావేమో.

నాకు ఒక అనుమానం పట్టుకుంది. చెప్తాను, కోపం చేసుకుంటే చేసుకో. నీకు ఎవరు గెలిచినారో తెలుసు. ఆ దినమే తెలుసు. నా బాధ చూడలేక తెలియదని ఒట్టు పెట్టినావు. ఇప్పుడు నా ముందర కూర్చొని తెలియనట్టు చూడాల్సి వస్తుందని రావడం లేదు. అంతే కదా?

తెలిస్తే తెలిసింది నాయనా. దానికి మొహం దాచుకోవడమెందుకు? లేకపోతే నీకు గూడా విసుగొచ్చిందా? చచ్చినోని కుస్తీ ఇంకా ఎన్నాళ్ళు అని? ఆ మాట ఇక్కడ శానామంది అంటున్నారు. నువ్వు అనుకోవనుకున్నాను.

పెద్దమ్మ

*

షోలాపూర్,
19-2-2025.

పెద్దమ్మా,

నమస్కారం అని రాసి కొట్టేసినాను. నేను నమస్కారం పెట్టే మొహంతో లేను.

నాకు విసుగు రాలేదు. ఎవరు గెలిచినారో తెలియదు. ఆ ఒట్టు నిజమే. నేను దాచింది వేరే.

ఆ దూది ఆస్పత్రి వాళ్ళది కాదు.

మొదటి జాబులో గింజ అని చదివిన చోటే మూడుసార్లూ ఆగినాను. అందుకే అడిగినాను. రెండో జాబులో ముక్కులోది తెల్లదూది, చెవుల్లోది గింజ దూది అని రాసినావు. ఇంక అనుమానం లేదు. అయినా ఆదోనిలో తిరుపాల్‌కు ఫోను చేసి అడిగినాను. వాడు, ఈరేష్, నేను ఒకే షిఫ్టులో చేసినవాళ్ళం కదా. తిరుపాల్ ఏం చెప్పినాడో అట్లే రాస్తాను.

"ఆ దినం పొద్దున్నుంచీ మనోడు రెండు సెవుల్లో పత్తి కుక్కుకోని తిరిగినాడన్నా. మేం కావాలని పక్కకుబోయి, ఏమప్పా, మీ జుంపాలాయన గెలిసినాడంటనే, ఓడినాడంటనే అని అరిసినా ఇనపడలే వానికి. నవ్వుకుంటా బొటనేలు సూపిచ్చినాడు. అయిదింటికి బండెక్కేటప్పుడు గూడా తీయలే. తీయరా అని సైగ జేస్తి. ఇంటికిబొయ్యే తీస్తా, మంజన్న రూలు అన్న్యాడు."

మంజన్న రూలు.

అది నేను పెట్టిందే పెద్దమ్మా. నేను షోలాపూర్ రాకముందు, మిల్లులో మేమిద్దరం పెద్ద పోటీ దినం పత్తి కుప్పలోంచి ఇంత తీసి చెవుల్లో పెట్టుకునేవాళ్ళం. గింజ తీయని పచ్చి పత్తి అయితే బాగా బిగుస్తుందని చెప్పింది నేను. ముందేడు వాడు బస్సెక్కి దూది తీసేసినాడు, అప్పుడే వెనక సీటులో పిల్లలు ఫలితం చెప్పేసినారు. ఫోనులో ఏడ్చినంత పని చేసినాడు. నేను తిట్టినాను. "ఇంటి గడప దొక్కేదాకా తీయగూడదురా. తీసినోడు మొగోడే కాదు" అన్నాను. నవ్వులాటకు అన్నాను. వాడు పాటించినాడు.

బండి మీద, రెండు చెవులూ మూసుకొని, ఇరవై కిలోమీటర్లు. వెనక లారీ ఎన్నిసార్లు హారన్ కొట్టిందో.

నువ్వు ఫోను, ఫోను అని ఏడుస్తున్నావు. ఫోను ఉన్నా తొమ్మిది లోపల నువ్వు వాని పక్కన ఉండేదానివి, అంతవరకే. వాణ్ణి లారీ కింద పెట్టింది నేను. డిసెంబరు నుంచి ఈ జాబు రాస్తున్నాను, చింపుతున్నాను. నీ తప్పు కాదని రాయాలంటే నా తప్పని రాయాలి. ఆ ధైర్యం ఇప్పటికి వచ్చింది.

నన్ను ఏమన్నా అను.

మంజునాథ్

*

ఎమ్మిగనూరు,
27-2-2025.

మంజునాథుకు,

నీ జాబు చదివినాను. మీ పెద్దనాయనకు చదివి వినిపించలేదు.

నువ్వు రావద్దు.

హులిగమ్మ

*

షోలాపూర్,
17-3-2025.

పెద్దమ్మకు,

రావద్దన్నావు. రాను.

దీంతో ఒక పార్సిలు పంపుతున్నాను. అందులో ఉన్న టవలు నేను నేసింది. మిల్లులో మిగిలిన నూలుతో, యజమానిని అడిగి, నా మగ్గం మీద చేసినాను. ఏడాది దినం పెద్దనాయన తలంటు పోసుకొని భుజాన వేసుకుంటాడని. నా పేరు చెప్పకపోయినా ఫరవాలేదు.

టవలు మడతలో చిన్న పెన్ డ్రైవ్ ఉంది. అది టీవీ వెనక పెడితే ఆ పోటీ వస్తుంది. మా మేస్త్రీ కొడుకుతో ఎక్కించినాను. నోరు తెరిచి ఒక్క మాట చెప్పినా ఊరుకోనని ముందే చెప్పినాను. ఆ పిల్లోడు ఎక్కించేటప్పుడు నేను వీధిలో నిలబడినాను. చూడలేదు. ఇంక ఎప్పుడూ చూడను. నువ్వు, పెద్దనాయన, వాడు చూడండి.

ఆరోగ్యం జాగ్రత్త.

మంజునాథ్

*

ఎమ్మిగనూరు,
2-4-2025.

నాయనా మంజూ,

ఏడాది అయిపోయింది. శనివారం అమావాస్య. మీ అమ్మ వచ్చి అన్నీ చేసింది. నువ్వు ఎందుకు రాలేదని నలుగురూ అడిగినారు. సెలవు దొరకలేదంది. ఈసారి నేనే నా మొహం పక్కకు తిప్పుకున్నాను.

టవలు అందింది. మీ పెద్దనాయన భుజాన వేసుకొని, అంచు తడిమి తడిమి చూసి, "ఎవుడు నేసినాడో గానీ గట్టిగా నేసినాడే" అన్నాడు. అప్పుడు ఆయనకు నీ జాబులన్నీ చదివి వినిపించినాను. దూది జాబు గూడా. ఆయన టవలు భుజం మీంచి తీసి మడత పెట్టినాడు. తరువాత "పిల్లోళ్ళు" అన్నాడు. అంతే. లేచి పోయి ఎద్దులు లేని కొట్టంలో కూర్చున్నాడు.

మూడింటికి నేను ఆ పాత రుమాలు విప్పినాను. వాని చెవుల్లోంచి తీసిన దూది తీసుకొని ఆదోని బస్సెక్కినాను. వద్దంటే వినను కాబట్టి మీ పెద్దనాయన గూడా ఎక్కినాడు. ఎనిమిదో కిలోమీటరు దగ్గర దిగినాము. కండక్టరు "ఈడ ఊరు లేదు గదమ్మా, యాడికి పోవల్ల?" అన్నాడు. ఈడికేనప్పా అన్నాను.

అక్కడ ఏమీ లేదు నాయనా. ఒక తుమ్మచెట్టు, కోసేసిన పత్తి చేను. రోడ్డు చక్కగా ఉంది. మలుపు గూడా లేదు. వాడు ఎట్ల పడినాడో అనిపించేంత చక్కగా ఉంది. అయిదున్నర దాకా చెట్టు కింద కూర్చున్నాము. తరువాత ఆ దూది నేను నా చెవుల్లో పెట్టుకున్నాను. వాడు పెట్టుకున్నట్టే బిగించి. గింజ ఒత్తుకుంది, నొప్పి పుట్టింది. రోడ్డు అంచున ఎమ్మిగనూరు దిక్కుకు మొహం పెట్టి నిలబడినాను. హారన్ వినబడుతుందేమో చూద్దామని.

నిన్న పొద్దున నీకు ఒక జాబు రాసినాను. "వినబడింది నాయనా. దూది పెట్టుకున్నా బాగా వినబడింది. నీ రూలుది తప్పేమీ లేదు, అది వేరే విధంగా జరిగింది" అని రాసినాను. నీ బరువు దించుదామని. రాసి, చదువుకొని, చింపేసినాను. నాకు అబద్ధం దాచుకోవడం రాదు. ఈరేష్ నా మొహం చూసి కనుక్కునేవాడు. నువ్వు నా అక్షరాలు చూసి కనుక్కుంటావు.

వినబడలేదప్పా. ఏమీ వినబడలేదు. లారీ పక్కనుంచి పోతే కొంగు ఎగిరింది, అప్పుడు తెలిసింది లారీ అని. వెనక మీ పెద్దనాయన గొంతు పోయేటట్టు పిలిచినాడంట. చెయ్యి పట్టి చేనులోకి లాగినాడు. ఇద్దరం పడినాము. ఆయన నోరు కదులుతుంది, ఏడుస్తున్నాడు, నాకు చప్పుడు లేదు. ముప్పై ఏళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. చూసినప్పుడు వినలేకపోయినాను.

ఇది చదివి నువ్వు ఇంకా కుంగిపోతావని తెలుసు. నేను గూడా కుంగిపోయే రాస్తున్నాను. రూలు నువ్వు పెట్టినావు. ఫోను నేను దాచినాను. బస్సు వద్దని బండి ఎక్కింది వాడు. ఇందులో ఎవరి పాలు ఎంత అని తూకం వెయ్యడానికి నాకు ఓపిక లేదు. నీ జాబు వచ్చిన దినం మట్టుకు ఒక సంగతి జరిగింది, నీకు చెప్పాలి. నాకు రెండు గంటలసేపు తేలికగా అనిపించింది. నేను కాదు, వీడు అని. మెతుకు నోటికి పోయింది. ఆ రెండు గంటల కోసం నిన్ను రావద్దని రాసినాను. తరువాత నువ్వు ఏడేళ్ళప్పుడు మా ఇంట్లో జ్వరంతో పడుకున్నది గుర్తొచ్చింది. ఈరేష్ నీ పక్కనే పడుకొని, "మంజన్నకు సగం జరం నాకియ్యిమా" అని ఏడ్చినాడు. ఆ మెతుకు మళ్ళీ దిగలేదు.

ఆ దూది లోపల ఏం వినబడిందో గూడా చెప్తాను. ఇది నిజం. మన ఊపిరి మనకు వినబడుతుంది. గుండె కొట్టుకునేది వినబడుతుంది, దూరంగా మగ్గం ఆడినట్టు. అంతే. భయం వెయ్యదు. వాడు ఆ చప్పుడు వింటూ, ఇంటికి పోతే బజ్జీలు, మంజన్న, జుంపాలాయన అనుకుంటూ వచ్చినాడు. ఆ జుంపాలాయన వాని మటుకు ఓడిపోలేదు. గెలవలేదు గూడా. ఆట ఇంకా మొదలే కాలేదు వానికి.

అందుకే పెన్ డ్రైవ్ పెట్టలేదు నాయనా. మీ పెద్దనాయన టీవీ వెనక తడుముతూ "పెడదామా?" అని అడిగినాడు, కుస్తీ అంటే మండిపడే మనిషి. వద్దన్నాను. నేనే కదా నిన్ను తెమ్మని అడిగింది. కానీ వాడు లేని ఇంట్లో అది తెలుసుకొని ఏం చేసుకోవాలి? తెలిస్తే వాడు నిజంగా లేనట్టే. బియ్యం డబ్బా మూత తీసి దాన్ని ఫోను పక్కనే తోసినాను. మోచేతి దాకా. పురుగులు చేతి మీదికి పాకినాయి. దూది గూడా అందులోనే పెట్టినాను. రోకలి మళ్ళీ పెట్టినాను.

నాకు ఏమీ తగ్గలేదు. తగ్గుతుందని గూడా లేదు. పొద్దున లేస్తాను, కండెలు చుడతాను, ఏడింటికి గోడకు ఆనుకొని కూర్చుంటాను. ఎందుకు కూర్చుంటానో నాకే తెలియదు.

నువ్వు రా. రావద్దన్న జాబు చింపెయ్యి. ఆ గోడ దగ్గర ముగ్గురం కూర్చోవచ్చు, మాట్లాడకపోయినా.

ఒకటే చెప్తున్నాను. రైల్లోనో, బస్సులోనో, ఎవరన్నా నోరు జారి నీ చెవిన వేస్తే, తెలిసిందని నాకు చెప్పొద్దు. గడప దాటేముందు మొహం కడుక్కో. నీ మొహంలో గూడా నాకు కనబడకూడదు.

నీ పెద్దమ్మ
హులిగమ్మ